పూవు ఏ వైపు రాలింది

ఇప్పుడు నేను చెంచాతో అన్నం తినగలను. చొక్కా బొత్తాలు కింది నుంచి మూడు పెట్టుకోగలను. పై రెండూ నా భార్య రత్న పెడుతుంది. పెన్ను పట్టుకుంటే అక్షరాలు వంకరగా వస్తున్నాయి గానీ, వస్తున్నాయి. కాళ్ళలో తిమ్మిరి మొదలై అది పాదాల నుంచి పైకి పాకుతూ ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దని మా పావగడ వైపు వాళ్ళకు చెప్పడానికి ఇది రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాస్తే గానీ నా మనసు కుదుటపడేలా లేదు.

మాది కర్ణాటకలో, ఆంధ్రా అంచున ఉన్న బలసముద్రం. మా వేరుశనగ చేను ఇప్పుడు సోలార్ ప్యానెళ్ళ కింద ఉంది. నేను వల్లూరు దగ్గర ఒక ప్లాంటులో, కంట్రోల్ రూములో పనిచేసేవాణ్ణి. రేపు ఏ గంటలో ఎంత కరెంటు పుడుతుందో ఈరోజే అంచనా కట్టి పైకి పంపడం నా పని. ఇంట్లో ఉండేది నేను, మా అమ్మ, రత్న. రత్న మా మేనమామ కూతురు. అమ్మకు కోడలు కాకముందే మేనకోడలు. ఇద్దరూ ఒకే కంచంలో తినేంత చనువుగా ఉండేవాళ్ళు.

వైశాఖం చివర

ముందు నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గాయి, మరిచిపోయాను. పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి గేటు వైపు నడుస్తుంటే వెనక నుంచి సెక్యూరిటీ అతను పిలిచాడు.

"అన్నా, నీ చెప్పు ఈడే ఉండాది!"

చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. అది జారిపోయిన సంగతి నా పాదానికి తెలియలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. మరుసటి పొద్దున కింద కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను.

రత్న నన్ను వై.ఎన్.హొసకోటలో మాకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు కదల్లేదు. ఇంకోసారి కొట్టి సుత్తి పక్కన పెట్టాడు.

"ఇది నా చేతిలో అయ్యేది కాదప్పా. ఈరోజే బెంగళూరుకు తీసుకపోండి. రేపనొద్దండి."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం. అమ్మ మొహం మాడిపోయింది. పన్నెండేళ్ళ కిందట మా నాన్నను అట్లాగే 'ఈరోజే' అని బెంగళూరుకు తీసుకుపోయారు. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. అమ్మకు ఆ ఊరు ఒక ఊరు కాదు, మనుషుల్ని మింగే నోరు.

"నేను పోయి అమ్మోరిని పూవు అడిగొస్తా," అంది. "ఆయమ్మకు తెలీనిది ఏముండాది? కుడి పక్క రాలితే ఈ పొద్దే బండెక్కుదాం. ఎడమ పక్క రాలితే ఎవరూ నోరెత్తకూడదు."

పూవు అడగడం మా వైపు మామూలే. పూజారి అమ్మవారి విగ్రహానికి రెండు భుజాల మీదా తడి పూలు అంటిస్తాడు. అడగవలసింది మనసులో అడిగి ఎదురుగా నిలబడాలి. అమ్మవారి కుడివైపు పూవు రాలితే సరేనన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. ఏమడిగామో పూజారికి కూడా తెలియదు.

అమ్మ పోయి గంటలో వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, "ఎడమ," అంది. "ఇప్పుడు పోవద్దంటా ఉండాది తల్లి."

ఒక నిజం ఇక్కడే ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఫోను నా చేతిలో ఉంది, వేళ్ళు అప్పటికి బాగానే ఆడుతున్నాయి. ఒక బండిని పిలవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. డాక్టరు మాట చెవిలో ఉంది. అయినా పిలవలేదు. దేవతే వద్దన్నాక ఇక నేను నిర్ణయించాల్సింది ఏమీ లేదు కదా అనుకుని దుప్పటి కప్పుకున్నాను.

రెండు రోజులు కాళ్ళకు ఆముదం పట్టించారు. రెండో రోజు సాయంత్రానికి నీళ్ళ చెంబు ఎత్తలేకపోయాను. మాట ముక్కులోంచి రావడం మొదలైంది. మూడో పొద్దున రత్న ఎవరినీ అడగకుండా ప్లాంటులో నాతో పనిచేసే అతని కారు పిలిపించింది. అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఆయమ్మ వద్దని చెప్పినాది గదే! మాట మీరి తీసుకపోతావా?"

"మాట మీరే తీసుకపోతా అత్తా. పాపమొస్తే నాకే రానీ. తప్పుకో."

రత్న గొంతు అట్లా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ తప్పుకుంది. నన్ను ఇద్దరు ఎత్తి కారులో పెట్టారు. మధుగిరి దాటేసరికి ఊపిరి తీసుకోవడం ఒక పనైపోయింది; ప్రతి ఊపిరికీ ముందు సిద్ధం కావాల్సి వచ్చింది.

జ్యేష్ఠం, ఐసీయూ

జబ్బు పేరు పొడుగ్గా ఉంది. డాక్టరు రత్నకు చెప్పిన మాట ఇది: ఒంట్లో రోగంతో పోరాడాల్సిన శక్తే దారితప్పి సొంత నరాల మీద పడింది. నరాలు తిరిగొస్తాయి, ఎప్పటికో చెప్పలేం. ఇంకో మాట కూడా అన్నాడు. రెండు రోజులు ముందొచ్చి ఉంటే ఊపిరికి ఈ గొట్టం అవసరం పడేది కాదేమో. ఆ 'ఏమో' పట్టుకుని నేను ఎన్ని గంటలు గడిపానో నాకే తెలియదు.

గొంతులో గొట్టం, పక్కన నా బదులు ఊపిరి తీసే మిషను. కాళ్ళు లేవు, చేతులు లేవు, మెడ తిరగదు. నొప్పి మాత్రం ఉంది. కాళ్ళున్న చోట మంట. నా ఇష్టప్రకారం కదిలేవి రెండు రెప్పలు. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. అంతే నేను.

ఒకరోజు కనుబొమ్మ మీద ఈగ వాలింది. పెద్ద విషయాలన్నీ అప్పటికి ఏడ్చేశాను. ఆ ఈగకు మాత్రం తట్టుకోలేకపోయాను. అది ఎటు నడవాలనుకుంటే అటు నడుస్తోంది. కనుబొమ్మ మీద నుంచి ముక్కు మీదికి వచ్చింది, ఆగింది, వెనక్కి పోయింది. నేను దానికంటే తక్కువ.

నర్సుల్లో ఒకామె ఉండేది, రాయచూరు వైపు మనిషి. నా దగ్గరికి ఎప్పుడొచ్చినా ముందు టైము చెప్పేది. 'ఇప్పుడు పగలు మూడైంది అన్నా, బయట మబ్బు పట్టింది' అని కన్నడంలో. ఆ గదికి కిటికీ లేదు. ఆమె చెప్పకపోతే నాకు పొద్దూ మాపూ ఉండేవి కావు. ఆమె అది డ్యూటీగా చేయలేదు. ఎవరూ చేయమని చెప్పనిది, చేయకపోయినా ఎవరూ అడగనిది. అదే నాకు మందుకంటే ఎక్కువ పనిచేసింది.

రత్న బయట వెయిటింగ్ హాల్లో ఉండేది. ఐసీయూ పేషెంట్ల మనుషులు నెలలకొద్దీ అక్కడే చాపలు పరుచుకుని ఉంటారట. ఒకరి టూత్‌పేస్టు ఒకరు వాడుకుంటారట. లోపల నుంచి పేరు పిలిస్తే హాలు మొత్తం ఊపిరి బిగబడుతుందట. తన పేరు కాకపోతే కలిగే సంతోషానికి ఆ తర్వాత సిగ్గుపడేదట. ఇవన్నీ తర్వాత చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి ఒక్క మనిషిని లోపలికి పంపేవారు. నెల కావస్తుండగా ఒకరోజు అమ్మ వచ్చింది. ఆ పొద్దున నా గొంతుకు ముందువైపు రంధ్రం చేసి గొట్టం మార్చారు. మత్తు దిగలేదు. రెప్పలు కూడా నా మాట వినడం లేదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. అమ్మ చెయ్యి నా నుదుటి మీద పడింది. ఆ గరుకు చెయ్యి ఎవరిదో నాకు చెప్పనక్కర్లేదు.

"నాయనా, భూషణా," అంది. తర్వాత చెవి దగ్గరికి వంగింది.

"ఆ పూవు కుడి పక్కే రాలినాది నాయనా. నేనే ఎడమ అని చెప్పినా. మీ నాయన్ను తీసుకపోయినట్ల నిన్నూ తీసుకపోతారని. నేను అట్ల చెప్తానని ఆయమ్మకు తెలుసు గదా? తెలిసి ఏల ఇచ్చె ఆ పూవు? తెలిసినామె నా నోరు కట్టేసింటే పొయ్యేది గదా?"

నేను విన్నానని చెప్పడానికి ఒక్క రెప్ప కావాలి. ఎత్తలేకపోయాను. టైమైందని ఎవరో అన్నారు. గరుకు చెయ్యి పోయింది.

ఆషాఢం, శ్రావణం, వార్డు

మిషను తీసేశారు. ఊపిరి నాది అయ్యింది. వార్డుకు మార్చారు. గొంతు రంధ్రం మూసుకుపోయాక గుసగుసగా మాట వచ్చింది.

పక్క మంచం మీద హనుమంతరాయప్ప అనే రిటైరైన మేష్టరు ఉండేవాడు. మడకశిర వైపు మనిషి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆయన రోజూ పొద్దున కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి రెండూ కలిపి దండం పెట్టేవాడు. ఆయన్ను చూస్తూ చూస్తూ ఒకరోజు నాలో నలుగుతున్నది అడిగాను. అమ్మ సంగతి చెప్పలేదు. ఊరికే అడిగినట్టు అడిగాను.

"మేష్ట్రూ, దేవునికి అంతా ముందే తెలుసు గదా. నేను ఏం చేస్తానో గూడా తెలుసు. అట్లయితే చేసేది నేనా, ఆయనా?"

"నీ పని ఏంది ప్లాంటులో?" అన్నాడు.

చెప్పాను.

"రేపు పదకొండు గంటలకు మబ్బొస్తాదని నువ్వు ఈరోజే రాసి పంపినావనుకో. రేపు మబ్బొచ్చినాది. నువ్వు రాసినందుకు వచ్చినాదా?"

"లేదు."

"అంతే గదప్పా. తెలిసేది వేరే, చేసేది వేరే. ఆయనకు తెలుసు. చేసేది నువ్వే."

ఆ మాట ఒక రోజంతా నన్ను ఊరడించింది. మరుసటి రోజు ఫిజియో ఆమె నా కాళ్ళు వంచి చాపుతుండగా దాంట్లో లోపం కనబడింది. మధ్యాహ్నం మళ్ళీ అడిగాను.

"నేను రాసింది చానా సార్లు తప్పు పోతాది మేష్ట్రూ. మబ్బు వేరే పక్కకు పోతాది. దేవుడు రాసింది తప్పు పోదు గదా. తప్పే పోదంటే, మబ్బుకు వేరే పక్కకు పొయ్యే దారి యాడుండాది?"

ఆయన కుడిచేత్తో ఎడమచేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఒకటి చెప్తా విను. చెయ్యి పడిపోయిన పొద్దు బీపీ మాత్ర నా చేతిలో ఉండాది. మనవరాలి పెండ్లి, నూరు పనులు, తర్వాత మింగుదాంలే అని జోబులో పెట్టుకున్నా. మింగుండొచ్చు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. దేవునికి తెలుసు నేను మింగనని. ఆ సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే, మాత్ర నా చేతిలో ఉండాది."

"తెలిసినాయన చెప్పొచ్చు గదా?"

"చెప్పినాడేమో. నా పెండ్లాం రెండుసార్లు అడిగినాది, మాత్ర మింగినావా అని. మింగినా అని చెప్పినా." నవ్వబోయాడు. నోరు ఒక పక్కకే పోయింది. "దారి యాడుండాది అంటే నాకు తెలీదప్పా. నలభై ఏండ్లు పిల్లకాయలకు చెప్పిన మనిషిని. ఇది నాకు రాదు."

రాదని అంత తిన్నగా చెప్పిన మేష్టరును నేను చూడలేదు. భాద్రపదం రాకముందే ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు.

కార్తీకం నుంచి, ఇల్లు

చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాను. పాదాలు వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీలు ఇచ్చారు. మోకాళ్ళు మెల్లగా వచ్చాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. పాదాల్లో కదలిక ఇప్పటికీ రాలేదు.

ఇంట్లో కొత్తగా ఒకటి చూశాను. అమ్మా రత్నా మాట్లాడుకోవడం లేదు. నా ద్వారా మాట్లాడుతున్నారు. 'సంగటి అయినాదని చెప్పు', 'గొర్రెలు తోలుకొచ్చినారేమో అడుగు'. ఊరివాళ్ళకు మాత్రం సంగతి ఒక్కటే తెలుసు: రత్న అమ్మవారి మాట మీరింది. నా పాదాలు రాకపోవడం అందుకేనని ఒకరిద్దరు నా ముందే అన్నారు. అమ్మ అక్కడే ఉంది. తల వంచుకుని వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. రత్న లోపలికి పోయింది.

రత్న ప్రతి శుక్రవారం గుడికి పోతుంది. గడప దాటదు. బయట నిలబడి దండం పెట్టి వచ్చేస్తుంది. ఆ పాపం తనదేనని నమ్ముతోందని నాకు అర్థమైంది. నోరు విప్పితే అమ్మ పరువు పోతుంది. విప్పకపోతే రత్న నలిగిపోతుంది. ఐసీయూలో రెండు రెప్పలతో పడుకున్నప్పుడు మాటొస్తే చాలనుకున్నాను. మాట వచ్చింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

చివరకు ఒక మధ్యాహ్నం, రత్న లేనప్పుడు, అమ్మను అడిగాను.

"అమ్మా, ఆసుపత్రిలో నా చెవిలో చెప్పినావే, పూవు కుడి పక్క రాలినాదని. నాకు వినపడినాది."

అమ్మ చేతిలో చేట ఆగింది. నా వైపు చూడలేదు.

"నేనా? యాడ? నాయనా, నీకు మత్తులో ఏందో వినపడింటాది. నీ కాడ నిలబడి నేను ఏడ్చింది తప్ప ఒక్క మాట మాట్లాడలేదు."

చేట మళ్ళీ ఆడింది. ఆమె మాట కొట్టేయలేకపోయాను. ఎందుకంటే మత్తులో నేను చాలా విన్నాను, చాలా చూశాను. ఐసీయూ పైకప్పు మీద మా గొర్రెలు తలకిందులుగా నడిచాయి. చచ్చిపోయిన నాన్న వచ్చి మిషను మీటలు తిప్పాడు. అమ్మ మాట కూడా వాటిలో ఒకటేమో. అది నిజమో కాదో అమ్మకు తెలుసు, ఆ పైన దేవుడికి తెలుసు. ఇద్దరూ నాకు చెప్పరు.

అయినా నెల తిరక్కుండానే రత్నకు చెప్పేశాను. నాకే రూఢిగా తెలియని మాటను నిజమని చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఆమె నా పాదం ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు వంచుతోంది.

"రత్నా, నువ్వు ఏ మాటా మీరలేదు. ఆ పొద్దు పూవు కుడి పక్కే రాలినాది."

ఆమె చెయ్యి ఆగలేదు. "నాకు తెలుసు," అంది.

"అమ్మ చెప్పినాదా?"

"ఎవరూ చెప్పలేదు. కంటితో చూసినా. అత్త టెంకాయ మరిచిపోయింటే ఇచ్చొద్దామని ఎనకాలే పరుగెత్తినా. గడప కాడికి పొయ్యేటప్పటికి పూవు రాలతా ఉండాది. కుడి పక్క. అత్త ఎనక్కి తిరగలేదు. నువ్వు ఒక్కడివే ఉండావని టెంకాయ ఆడ పెట్టి వచ్చేసినా."

"మరి ఇంటికొచ్చి ఎడమ అన్నప్పుడు?"

"నోరు రాలేదు." ఇప్పుడు చెయ్యి ఆగింది. "పుట్టినప్పట్నుంచి ఆయమ్మ అబద్ధం చెప్పంగా నేను వినలేదు. భయంతో చెప్పినాది, పొద్దుగూకే లోపల తానే చెప్పేస్తాదిలే అనుకున్నా. నేను బయటపెడితే ఊర్లో తలెత్తుకోలేదు. తానే చెప్తే ఏమీ లేదు. ఆ దినం చెప్పలేదు. రేపు చెప్తాదనుకున్నా. రెండు దినాలు ఆయమ్మ మొగం చూస్తానే కూచున్నా. నువ్వు చెంబు ఎత్తలేకపోయినావు చూడు, అప్పుడు నాకు దిగులు పుట్టె. గుడి లోపలికి పొయ్యేదానికి నాకు కాళ్ళు రావు. మాట మీరినందుకు కాదు. తెలిసి కూచున్నందుకు."

ఆ రెండు రోజులు ముగ్గురం ఒకే కప్పు కింద ఉన్నాం. ఒకరు అబద్ధం చెప్పి, ఒకరు తెలిసి ఊరుకుని, ఒకరు హాయిగా నమ్మి. మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు. తెలిసి ఎందుకు ఊరుకున్నావని ఐసీయూలో దేవుణ్ణి అడిగీ అడిగీ అలిసిపోయాను. ఇప్పుడు తెలిసి ఊరుకున్న మనిషి నా పాదం ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా ఉంది.

"కోపమొచ్చినాదా?" అంది.

వచ్చింది. కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. తల అడ్డంగా ఊపాను. ఆమె నమ్మలేదు.

తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో, ఏం విన్నదో తెలియదు. "సంగటి చల్లారిపోతాది," అంది, ఎవరి పేరూ పెట్టకుండా. రత్న నా పాదం మెల్లగా దించి, "వస్తా ఉండాం అత్తా," అంది. నేను ఇంటికొచ్చాక వాళ్ళిద్దరి మధ్య నేరుగా విన్న మొదటి మాట అది.

తర్వాత కొన్ని నెలలు గడిచాయి. పాదాలు ఇంకా రాలేదు. నేను మళ్ళీ అమ్మను అడగలేదు, రత్న అసలే అడగలేదు. నిన్న మధ్యాహ్నం అమ్మ నా మంచం పక్కకు వచ్చి నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చాలాసేపు నిలబడింది. వంటింట్లో రత్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏందమ్మా?" అన్నాను.

"ఏమీ లేదు నాయనా," అని అమ్మ బయటికి పోయి గొర్రెలకు నీళ్ళు పెట్టింది.